ధర్మాసుపత్రి: ఒక మాట వెనుక వైద్యచరిత్ర

వ్యాససంగ్రహం

తెలుగునాట డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే చోటును ప్రజలు చాలాకాలంగా ‘ధర్మాసుపత్రి’ అని పిలుస్తున్నారు. ఇందులోని ‘ధర్మ’ శబ్దానికి దానం అనే అర్థం ఉంది, విధి అనే అర్థమూ ఉంది. ఈ రెండు అర్థాల మధ్య గ్రామీణ పేదల వైద్యం ఎలా నడిచిందో మల్కాపురం శాసనం, గుంటూరు, డిచ్‌పల్లి మిషన్ ఆసుపత్రులు, మద్రాసు ప్రభుత్వ గ్రామీణ వైద్యపథకం, నెల్లూరు ప్రజావైద్యశాలల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ధర్మాసుపత్రి, ఆరోగ్యశాల, సర్కారు దవాఖాన, ప్రజావైద్యశాల, గ్రామీణ వైద్యం.

1. ప్రవేశిక

సంస్థల చరిత్రను సాధారణంగా వాటి స్థాపకుల వైపు నుండి రాస్తారు. ఎవరు కట్టించారు, ఎంత విరాళమిచ్చారు, ఎన్ని పడకలు వేశారు అన్న వివరాలు నివేదికలలో దొరుకుతాయి. ఆ గుమ్మం ముందు నిలబడిన రోగి తనను తాను ఏమనుకున్నాడన్నది మాత్రం వాటిలో కనబడదు. రోగి రాసిన నివేదిక లేకపోయినా రోగి వాడిన మాట ఉంది. ఒక వైద్యశాలను జనం ఏ పేరుతో పిలిచారో గమనిస్తే, అక్కడ వారికి ఏ స్థానం దక్కిందో కొంతవరకు ఊహించవచ్చు. భాషాసాహిత్య విద్యార్థి వైద్యచరిత్రలోకి ప్రవేశించడానికి ఉన్న దారి ఇదే. అందువల్ల ఈ పరిశీలన ‘ధర్మాసుపత్రి’ అన్న మాటతో మొదలవుతుంది.

2. మాట స్వరూపం

‘ఆసుపత్రి’ ఐరోపా భాషల నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన పదం. ‘ధర్మ’ సంస్కృత సమం. ఈ రెండూ కలిసి ఏర్పడిన మిశ్రసమాసం ‘ధర్మాసుపత్రి’. కొత్తగా వచ్చిన సంస్థను పాత భావంతో గుర్తించడానికి జనం చేసుకున్న ఏర్పాటిది. ధర్మసత్రం అప్పటికే తెలిసినది. అక్కడ బాటసారికి ఊరకే అన్నం పెడతారు. ఇక్కడ రోగికి ఊరకే మందిస్తారు కనుక ఇది ధర్మాసుపత్రి అయింది.

అయితే ‘ధర్మ’ పూర్వపదంగా గల సమాసాలన్నింటిలో అర్థం ఒక్కటి కాదు. ధర్మసత్రంలో అది ఉచితం. ధర్మవడ్డీలో న్యాయమైనది. ధర్మకర్తలో ఇతరుల సొత్తును కాపాడవలసిన బాధ్యత. బిచ్చగాడు ‘ధర్మం చెయ్యండి’ అన్నప్పుడు దయ. అదే మనిషి అన్యాయం జరిగినప్పుడు ‘ఇది ధర్మమేనా’ అని నిలదీస్తే న్యాయం. బ్రౌణ్య నిఘంటువు కూడా ఈ శబ్దానికి న్యాయం, విధి, దానం మొదలైన అర్థాలను ఒకే ఆరోపం కింద చూపింది. అంటే చేయి చాచేటప్పుడూ వేలెత్తి చూపేటప్పుడూ తెలుగువాడు వాడేది ఒకే పదం. ధర్మాసుపత్రిలోని ధర్మం వీటిలో ఏది?

ప్రాంతభేదం కూడా గమనించదగినది. కోస్తా, రాయలసీమలలో ధర్మాసుపత్రి, పెద్దాసుపత్రి అనే మాటలు వాడుకలో ఉండగా తెలంగాణలో ‘సర్కారు దవాఖాన’ విస్తృతంగా వినబడుతుంది. ‘ధర్మదవాఖాన’ అన్న రూపం లేకపోలేదు గాని మొదటిదే జనసామాన్యం. దవా అంటే మందు, ఖానా అంటే ఇల్లు. ఉర్దూ ద్వారా వచ్చిన ఈ పదానికి చేర్చిన విశేషణం ఇచ్చేవాని దయను కాక, యజమాని ఎవరన్నదాన్ని చెబుతుంది. సర్కారు దవాఖానకు తాను రానని మొరాయించే గొంతుతో సాగే ఉద్యమగీతం తెలంగాణలో అందరికీ పరిచితమే. సర్కారుది కనుక దాన్ని తిట్టవచ్చు, బాగుచేయమని కోరవచ్చు. ధర్మానికి ఇచ్చిన దాన్ని తిట్టడం కష్టం. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదన్న సామెత అక్కడ అడ్డుపడుతుంది.

3. శాసనంలో ఆరోగ్యశాల

తెలుగునాట వైద్యశాలకు కేటాయించిన ఆదాయాన్ని స్పష్టంగా నమోదు చేసిన ఆధారాలలో మల్కాపురం శాసనం ప్రసిద్ధమైనది. శక సంవత్సరం 1183, అంటే క్రీ.శ. 1261లో, రుద్రమదేవి పాలనాకాలంలో వేసిన శాసనమిది. గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యునికి ఇవ్వదలచిన మందడం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడి గ్రామాన్ని రుద్రమదేవి ధారపోసినట్లు ఇందులో ఉంది. ఈ గ్రామాల ఆదాయాన్ని మూడు భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి వినియోగించాలని విశ్వేశ్వరుడు ఏర్పరచాడు. సంస్థ సిబ్బందిలో వైద్యునికి, లెక్కలు రాసే కాయస్థునికి కూడా చోటుంది.

ఈ ఏర్పాటులో రెండు అంశాలు ముఖ్యం. మొదటిది, ఇక్కడ దానం ఒకనాటితో ముగిసిపోయేది కాదు. రెండు ఊళ్ళ పంటలో ప్రతి ఏటా వచ్చే వాటా. దాత మనసు మారినా ఆగకూడదనే దాన్ని రాతి మీద చెక్కించారు. రెండవది, ఆ సొమ్ము దాత పెట్టె లోనిది కాదు. మందడం, వెలగపూడి రైతులు పండించినది. కాబట్టి అక్కడ మందు తీసుకున్న రైతుకుటుంబపు మనిషి ఉంటే, ఆమె పొందినది తన శ్రమలో ఒక భాగమే. దానశాసనపు భాషలో ఈ సంగతి కనబడదు. పుణ్యం రాణికి, ఆచార్యునికి చెందుతుంది. పండించినవారి పేరు ఉండదు.

ఈ ఆరోగ్యశాల మఠానికి అనుబంధమైనదన్న విషయాన్నీ మరువరాదు. దాన్ని నేటి అర్థంలో గ్రామీణ పేదల వైద్యాలయమనడం చరిత్రకు అన్యాయమవుతుంది. కాని వైద్యానికి స్థిరమైన ఆదాయం, నియమిత వైద్యుడు, లెక్క అనే మూడు అవసరమన్న ఎరుక అందులో ఉంది. వెలగపూడి నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న ఊరు. ఆరోగ్యశాలకు వాటా పంపిన పొలాల చోటనే నేడు రాష్ట్రపు ఆరోగ్యపద్దు తయారవుతున్నది. ఏడున్నర శతాబ్దాల ఎడంతో ఎదురయ్యే ప్రశ్న మాత్రం అదే. ఈ వాటా విధా, దయా?

4. గుంటూరు: కుగ్లర్ ఆసుపత్రి

ధర్మాసుపత్రి భావన గ్రామీణ స్త్రీల దాకా చేరడంలో క్రైస్తవ మిషన్ల పాత్ర పెద్దది. అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చింది. ఆమె వైద్యురాలే అయినా మిషన్ మొదట పంపింది స్త్రీలకు చదువుచెప్పే పనికి. పురుషవైద్యుని ముందుకు రాలేని స్త్రీలు ప్రసవవేదనలో ప్రాణాలు కోల్పోతున్న పరిస్థితిలో ఆమె చికిత్స కూడా ప్రారంభించింది. కొన్నేళ్ళకు మిషన్ ఆ పనిని గుర్తించింది. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ఏర్పడింది. ఆమె 1930లో గుంటూరులోనే మరణించింది.

ఈ చరిత్రను దాత ఇచ్చాడు, పేద పుచ్చుకున్నాడు అన్న ధోరణిలో చెప్పడం తేలిక. జరిగినది అంత సరళం కాదు. అగ్రవర్ణ కుటుంబాలకు పరాయివారు ముట్టిన నీరు, వండిన అన్నం పనికిరావు. కాబట్టి రోగితో పాటు వంటా, నీరూ, బంధువులూ రావలసి వచ్చేది. ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు ఆసుపత్రికి ఎదురుగా రోగుల బంధువులకోసం విశ్రాంతిగృహం కట్టించాడు. ధర్మసత్రం ధర్మాసుపత్రి ఎదుట వెలిసిందన్నమాట. విదేశీ సంస్థ దానంగా మొదలైన చోట స్థానికుడు దాత అయ్యాడు. స్వీకర్తలు తమ ఆచారాలకు తగినట్లు ఆసుపత్రిని మలచుకున్నారు.

దీనికి మరో వైపు ఉంది. ఆచారం పాటించేవారికి వేరే వసతి ఏర్పడినప్పుడు, ఆచారపు గోడ ఆసుపత్రి ఆవరణ దాకా వచ్చినట్లే. మాలపల్లెల నుండి, మాదిగపల్లెల నుండి వచ్చిన స్త్రీకి అదే వైద్యురాలి చేయి దక్కింది. ఊరిలో ఏ వైద్యుడూ నాడి పట్టుకోవడానికి ఇష్టపడని మనిషికి అది చిన్న విషయం కాదు. అయినా ఆమెకోసం ఎదురింట విశ్రాంతిగృహం కట్టిన జమీందారు లేడు. ఉచితవైద్యం రోగాన్ని సమానంగా చూడగలిగింది గాని, రోగులను సమానం చేయలేకపోయింది.

ప్రజలు ఆ సంస్థను మిషన్ పేరుతో గాక వైద్యురాలి పేరుతో ‘కుగ్లర్ ఆసుపత్రి’ అన్నారు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి వైద్యశాల ‘క్యాంప్‌బెల్ ఆసుపత్రి’ అయింది. ఇక్కడ ‘ధర్మ’ శబ్దం తొలగి వ్యక్తినామం చేరింది. రోగికి తెలిసిన చేయి, తెలిసిన ముఖం సంస్థకంటె దగ్గరైనవి. ఈ మార్పులో కృతజ్ఞత ఉంది, దానితోపాటు ఒక బలహీనత కూడా ఉంది. మనిషిపై నిలిచిన నమ్మకం ఆ మనిషి తరువాత ఎవరిపై నిలవాలన్నది తేలని విషయం.

5. డిచ్‌పల్లి: ధర్మం అడిగినవారు

కుష్ఠురోగి విషయంలో ‘ధర్మం’ అన్న మాట మరింత కఠినంగా వినబడుతుంది. ఊరు వెలివేసిన తరువాత అతనికి మిగిలిన వృత్తి దారిపక్కన కూర్చుని ధర్మం అడగడమే. నిజాం రాజ్యంలోని నిజామాబాదు ప్రాంతంలో వెస్లియన్ మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ ఈ రోగులకోసం పూనుకున్నారు. నిజామాబాదుకు చెందిన నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం ఆ పనికి అండగా నిలిచింది. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠువైద్యశాల ఏర్పడింది. హిందువైన స్థానిక దాత ధనంతో క్రైస్తవ మిషన్ నడిపిన వైద్యశాల అది. గుంటూరులోవలెనే ఇక్కడా దానం ఒక దిక్కు నుండి మాత్రమే రాలేదు.

ఆనాటి ప్రధాన చికిత్స చాల్మూగ్రా జాతి నూనెల సూదిమందు. అది బాధాకరం, దీర్ఘకాలికం. వారాలు, నెలలు, ఏళ్ళు పట్టేది. అంటే రోగి మందు పుచ్చుకుని వెళ్ళిపోయే మనిషి కాదు, అక్కడ నివసించే మనిషి. అందువల్ల డిచ్‌పల్లి ఆసుపత్రిగానే గాక ఒక ఊరిగా పెరిగింది. రోగులు అక్కడి పనులలో పాలుపంచుకున్నారు. దారిపక్కన చేయి చాచిన మనిషికి ఒక చిరునామా, ఒక పని, రేపు మళ్ళీ సూదిమందు ఉంటుందన్న నమ్మకం కలిగాయి. బిచ్చానికీ వైద్యానికీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. బిచ్చం ఆ పూటకు సరిపోతుంది. వైద్యం రేపటి మాట ఇవ్వవలసి ఉంటుంది.

6. బోర్డు వైద్యం, సర్కారు వైద్యం

మిషన్ ఆసుపత్రులు ఎక్కువగా పట్టణాలలో, పెద్ద ఊళ్ళలో ఉన్నాయి. బండి కట్టుకుని రాలేని పల్లెలకు వైద్యుణ్ణి పంపడమెలా అన్న ప్రశ్నకు మద్రాసు ప్రభుత్వం 1924లో ఒక జవాబు వెదికింది. పానగల్లు రాజా పనగంటి రామారాయణింగారు ప్రధానిగా ఉన్న కాలమది. వైద్యుడు పల్లెలో స్థిరపడితే అతనికి ఏటా కొంత భృతి ఇస్తారు. డబ్బున్నవారి దగ్గర అతడు రుసుము తీసుకోవచ్చు. పేదలకు మాత్రం ఉచితంగా వైద్యం చేయాలి. స్థానిక బోర్డుల ద్వారా ఈ పథకం నడిచింది.

పథకం ఆలోచన మంచిదే. కాని ఒకే గదిలో ఒకే వైద్యుని ముందు రెండు రకాల రోగులు కూర్చున్నప్పుడు ఎవరు పేద, ఎవరు కాదు అన్న తీర్పు వైద్యుని చేతిలో పడింది. రుసుమిచ్చే రోగి వైద్యునికి బతుకుతెరువు. ఉచితరోగి షరతు. ఎవరిని ముందు పిలుస్తారన్నది చెప్పనవసరం లేదు. ఇక్కడ ధర్మాసుపత్రి ఒక భవనంగా గాక ఒక వరుసగా మారింది.

1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘం ఈ ఆలోచనను తలకిందులు చేసింది. ఖర్చు భరించలేడన్న కారణంతో ఏ మనిషికీ తగిన వైద్యం అందకుండా పోరాదన్నది ఆ నివేదిక మూలసూత్రం. తక్షణ ప్రణాళికగా నలభై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని అది సూచించింది. 1952లో ప్రారంభమైన సమాజాభివృద్ధి పథకంతో ఈ కేంద్రాలు ఏర్పడసాగాయి. కాగితం మీద ధర్మం విధి అయింది. కాని పల్లెజనం నోట సర్కారు వైద్యశాల ధర్మాసుపత్రిగానే మిగిలింది. పన్ను కట్టినవారే దాన్ని దానమనుకున్నారు. దీనికి అజ్ఞానమే కారణమనడం తొందరపాటు. వైద్యుడు దొరకని రోజు అడగడానికి చోటు లేనప్పుడు, దొరికిన రోజు దొరికినది దయగానే తోస్తుంది.

7. ప్రజావైద్యశాల: మాట మారిన చోటు

ఈ నేపథ్యంలో 1950ల దశకంలో నెల్లూరులో రూపుదిద్దుకున్న ‘ప్రజావైద్యశాల’ పేరే ఒక ప్రతిపాదన. పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి దీనికి ప్రాణం పోశాడు. ఆసుపత్రి అన్న అన్యదేశ్యం పోయి వైద్యశాల వచ్చింది. ధర్మ పోయి ప్రజా వచ్చింది. ఇది పూర్తిగా ఉచితవైద్యం కాదు, తక్కువ ఖర్చుతో చేసిన వైద్యం. పేదవాడు కూడా ఇవ్వగలిగినంత ఇచ్చాడు. ఇచ్చాడు కనుక అడగగలిగాడు. ఉచితంకంటె చవక గౌరవప్రదమైనదన్న సూత్రం ఇందులో ఉంది. చేతిలో ఏమీ లేనివాని విషయంలో ఈ సూత్రానికి మినహాయింపు అవసరమే. మినహాయింపే నియమం కాకుండా చూడడం ఆ సంస్థ ఆలోచన.

ఇంతకంటె దూరం ప్రభావం చూపినది శిక్షణ. గ్రామీణ యువకులను చేరదీసి, చికిత్సలో తర్ఫీదు ఇచ్చి తిరిగి పల్లెలకు పంపిన ఘనత ఈ వైద్యశాలది. పట్టాలేని వైద్యుల విషయంలో వైద్యవృత్తికి ఉన్న అభ్యంతరాలు తోసిపుచ్చదగినవి కావు. మోతాదు మించిన సూదిమందుల వల్ల కలిగే కీడు ఈనాటికీ సమస్యే. కాని అర్ధరాత్రి పిల్లవానికి జ్వరం వచ్చినప్పుడు తలుపు తట్టదగిన ఇల్లు ఊళ్ళో ఒకటి ఉండడం పల్లెవాసికి ఎంత ముఖ్యమో కూడా గుర్తించాలి.

ఇదే కాలంలో వైద్యజ్ఞానాన్ని తెలుగులోకి తెచ్చిన కృషి మరొకటి ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ విజయవాడలో వైద్యం చేస్తూ ‘ప్రసూతి-శిశుపోషణ’ అనే గ్రంథం రాసింది. తండ్రి విజ్ఞానచంద్రికా మండలి ద్వారా శాస్త్రాన్ని తెలుగు చేయగా, కూతురు ప్రసూతిశాస్త్రాన్ని తెలుగు ఇల్లాలి చేతికిచ్చింది. మందును దానం చేయవచ్చు గాని, జ్ఞానం దానం చేసిన తరువాత దాత చేతిలో మిగలకుండా పోదు, స్వీకర్తను రుణపడినట్లూ ఉంచదు. తన శరీరం గురించి తన భాషలో చదువుకున్న స్త్రీ వైద్యుని ముందు నోరు విప్పగలదు. సాహిత్యచరిత్రలో ఇటువంటి గ్రంథాలకు తగిన చోటు ఇంకా దక్కలేదు.

8. శిబిరం, కార్డు

1969 నుండి అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ పనిచేస్తున్నది. 2000లో బత్తలపల్లిలో అది ఆసుపత్రి ప్రారంభించింది. కరువుసీమలో అటువంటి స్థిరమైన వైద్యశాల విలువ అక్కడివారికి తెలుసు. దీనికి భిన్నంగా ఈనాడు పల్లెలలో తరచుగా కనబడేది ఉచిత వైద్యశిబిరం. షామియానా, బ్యానరు, దాతల ఫోటోలు, సాయంత్రానికి ఖాళీ మైదానం. కంటి శిబిరాల వల్ల చూపు తిరిగి పొందినవారు ఎందరో ఉన్నారు. ఆ మేలును తక్కువ చేయరాదు. అయితే శిబిరం ఎత్తివేసిన మర్నాడు కన్ను ఎర్రబడితే ముసలమ్మ ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మల్కాపురంలో రాతిపై చెక్కినది, డిచ్‌పల్లిలో నివాసమై పెరిగినది సరిగ్గా ఈ ‘మర్నాడు’ కోసమే.

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ పథకంతో పేదరోగి చేతికి కార్డు వచ్చింది. ‘ధర్మం’ స్థానంలో ‘కార్డు ఉంది’ అన్న మాట చేరింది. అడిగే హక్కు ఉన్నదన్న భావం ఈ మాటలో ఉంది. కాని ఆ కార్డు ప్రధానంగా పెద్ద రోగాలకు, పెద్ద ఆసుపత్రులకు సంబంధించినది. జ్వరానికి, విరేచనాలకు, గర్భిణి రక్తహీనతకు ఊళ్ళోనే వైద్యం కావాలి. అక్కడ పాత ప్రశ్న అలాగే ఉంది.

9. ముగింపు

ఆరోగ్యశాల, ధర్మాసుపత్రి, కుగ్లర్ ఆసుపత్రి, సర్కారు దవాఖాన, ప్రజావైద్యశాల అన్న పేర్లను వరుసగా చూస్తే వీటిలో రోగి స్థానం ఒక్కటి కాదని తెలుస్తుంది. దాతృత్వం నిరర్థకమని ఈ వ్యాసం చెప్పడం లేదు. ప్రభుత్వం చేరని చోట ప్రాణాలు నిలిపినది దాతృత్వమే. అది మేలు చేసిన ప్రతిచోటా స్థిరమైన ఆదాయం, ఊరిలో ఉండే వైద్యుడు, స్థానికుల భాగస్వామ్యం ఉన్నాయి. ఇవి లోపించినప్పుడు దానం దాత పేరుకే ఉపకరించింది.

తెలుగువారు ఆసుపత్రికి ‘ధర్మ’ శబ్దాన్ని చేర్చినప్పుడు దాని ఒక అర్థాన్నే వాడుకున్నారు. రెండవ అర్థం ఆ పదంలోనే నిద్రాణంగా ఉంది. ధర్మవడ్డీ అన్నప్పుడు ఎవరూ ఉచితమని అనుకోరు, న్యాయమైనదని అనుకుంటారు. ధర్మాసుపత్రి అన్నప్పుడు కూడా అదే అర్థం స్ఫురించే రోజున మాటను మార్చుకోవలసిన అవసరం ఉండదు. ‘ధర్మం చెయ్యండి’ అని లోపలికి వెళ్ళిన మనిషి, మందు అందనినాడు ‘ఇది ధర్మమేనా’ అని అడగగలగాలి. ఆ అడిగే చోటును కల్పించడం దాతలకంటె ప్రభుత్వానికి, ప్రభుత్వంకంటె ప్రజలకు చెందిన పని.